వినుట యను విద్య

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు చెప్పిన సామెత యొకటి కలదు. ఆ మాట సగము సత్యము. పొట్లము గట్టి యిచ్చు మందు ప్రతి మనోవేదనకును లేని మాట నిజమే. ఐనను ఆ వేదనను శ్రద్ధగా విని, బాధపడువాడు తన దారిని తానే కనుగొనునట్లు తోడ్పడు విద్య యొకటి గడచిన నూరేండ్లలో వృద్ధి పొందినది. దానినే కౌన్సెలింగు సైకాలజీ యందురు. ఈ విద్యను జీవనవృత్తిగా నెన్నుకొనుటను గూర్చి మన పాఠశాల పై తరగతుల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొన్ని మాటలు విన్నవింప దలచితిని.

మొదట ఆ పేరునకు మన ప్రాంతమున పట్టిన గతిని చూడుడు. కౌన్సెలింగు అనగానే మన విద్యార్థికి తోచునది ప్రవేశపరీక్ష పిదప ఇంజనీరింగు సీట్లను పంచిపెట్టు కార్యక్రమము. దినపత్రికలలో నా మాట కనబడినచో, త్రాగి బండి నడిపినవారిని పోలీసువారు పిలిపించి మందలించి పంపిరని యర్థము. ఒకచోట సీటు, మరియొకచోట చీవాట్లు! ఈ రెంటికిని ఆ విద్యతో సంబంధము లేదు. కౌన్సెలరు సీటు నీయడు, చీవాట్లు పెట్టడు, నీతులు బోధింపడు. అతడు వినును, అడుగును, మరల వినును.

వినుట కూడ నొక విద్యయా, చెవులున్న ప్రతివాడును వినలేడా యని కొంద రడుగవచ్చును. యోబు చరిత్రను చదివినవారికి దీని యుత్తరము తెలియును. సర్వమును పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న యోబును జూడవచ్చిన ముగ్గురు స్నేహితులును ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మారు పలుకక అతనితో కూడ నేలపై కూర్చుండిరి. అంతవరకు వారు నిజమైన స్నేహితులు. పిదప నోరు తెరచి, అతని కష్టమునకు అతని పాపమే కారణమని వాదింప మొదలిడిరి. అప్పటినుండి వారు అతనికి రెండవ కష్టమైరి. వారు దుర్మార్గులు కారు. ప్రేమతోనే బయలుదేరి వచ్చిరి. ప్రేమ యుండెను గాని వినుటయందలి నేర్పు వారికి చాలలేదు.

ఆధునిక కాలమున ఈ నేర్పును శాస్త్రముగా దిద్దినవారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడగు కార్ల్ రోజర్స్. ఇతడు 1924 లో న్యూయార్కులోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో బోధకుడగుటకు చేరి, రెండేండ్ల పిదప దానిని విడిచి, కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో మనశ్శాస్త్రమును చదివెను. తరువాత రోచెస్టరు పట్టణమున బాలబాలికల సమస్యలను విచారించు సంస్థలో పండ్రెండేండ్లు పనిచేసెను. అచ్చట అల్లరి బాలు డొకనిని వాని తల్లి తీసికొనివచ్చెను. లోప మంతయు తల్లి ఆ బిడ్డను త్రోసిపుచ్చుటలో నున్నదని రోజర్స్ ఎన్ని విధముల నచ్చజెప్పినను ఫలము లేకపోయెను. ఇక చాలింతమని యిరువురును లేచిరి. ఆమె వాకిలివరకు పోయి వెనుదిరిగి, ఇచ్చట పెద్దవారి బాధలను కూడ విందురా యని యడిగెను. విందుమనగానే మరల కూర్చుండి తన సంసార దుఃఖ మంతయు వెలిబుచ్చెను. నిజమైన పని అప్పుడే మొదలైనది. ఎచ్చట నొప్పియో బాధపడువానికే తెలియునను సూత్రమును రోజర్స్ ఇట్టి యనుభవములనుండి నేర్చెను. 1942 లో అతడు ప్రకటించిన గ్రంథము ఈ వృత్తికి పునాదులలో నొకటి యైనది.

ఇప్పుడు మన దేశస్థితిని విచారింతము. 2015-16 లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే ననుసరించి, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచుండిరి. ఆయా రుగ్మతలనుబట్టి వారిలో నూటికి 70 మొదలు 92 మంది వరకు ఏ చికిత్సయు పొందకుండిరి. 2022 సంవత్సరమున ఈ దేశమున 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేరగణాంక సంస్థవారి లెక్క తెలుపుచున్నది. విశాఖపట్టణమున నీట్ పరీక్షకై చదువుచుండిన యొక బాలిక 2023 లో మరణించినది. ఆ వ్యాజ్యమున 2025 జూలై 25 వ తేదీని సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు, బాలల మానసికారోగ్యమున శిక్షణ పొందిన కౌన్సెలరునో, మనశ్శాస్త్రజ్ఞునో, సంఘసేవకునో ఒక్కరినైన నియమింపవలయునని యాదేశించెను.

తీర్పు వచ్చినది, మనుష్యులెక్కడ? నా భయ మిదియే. శిక్షణ పొందినవారు దొరకరను నెపమున, దయగల ఉపాధ్యాయు నొకనిని పిలిచి, నేటినుండి నీవే కౌన్సెలరు వని చెప్పి, అతని పేరు గోడపై పలకమీద వ్రాయుట సులభము. అట్లు చేసిన యాదేశము నెరవేరినట్లు కాగితము మీద కనబడును గాని బిడ్డకు మేలు కలుగదు. ఉపాధ్యాయుడు మార్కులు వేయువాడు. శిక్షించు నధికారము గలవాడు. తలిదండ్రులకు నివేదిక పంపువాడు. తనను రేపు పరీక్షించువాని యెదుట నేడు తన మనస్సును విప్పి చూపుటకు ఏ విద్యార్థికి ధైర్యము చాలును? ఉపాధ్యాయుని ప్రేమను నేను తక్కువ చేయుట లేదు. బిడ్డ ముఖము వాడినదని మొదట గుర్తింపవలసినవాడు అతడే. గుర్తించిన పిదప శిక్షణ పొందినవాని యొద్దకు చేర్చుట అతని ధర్మము.

అట్టి శిక్షణలో రహస్యమును కాపాడుట యొక ముఖ్యాంశము. చెప్పిన మాట గది దాటి పోరాదు. ఐనను ఈ నియమమునకు హద్దులు కలవు. ప్రాణహాని కలుగునట్లున్నప్పుడును, బాలలపై లైంగిక దౌర్జన్యము జరిగినట్లు తెలిసినప్పుడును మౌనము కూడదు. రెండవ విషయమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము అధికారులకు తెలుపుట విధి. ఎప్పుడు మౌనము, ఎప్పుడు పలుకు అను వివేకము మంచి మనస్సు వలన మాత్రమే రాదు. అభ్యాసము వలన వచ్చును.

మన క్రైస్తవ కుటుంబములలో వినబడు నభ్యంతర మొకటి కలదు: ప్రార్థన యుండగా ఇవి యెందుకని. 1883 లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు ప్రార్థించుచునే వైద్యము చేసెను. 1898 లో అచ్చట ఆసుపత్రి తెరవబడినది. జ్వరమునకు మాత్ర మ్రింగుట విశ్వాసలోపము కానప్పుడు, మనోవేదనకు నిపుణుని సాయము కోరుట మాత్రము ఎట్లు విశ్వాసలోపమగును? అట్లే ఈ వృత్తిలో ప్రవేశించు క్రైస్తవ యువకునికి నేను చెప్పున దేమనగా, నీ యెదుట కూర్చున్న హిందూ బాలుడైనను, మహమ్మదీయ బాలికయైనను నీ మతబోధ వినుటకు రాలేదు. వారి నమ్మకమును గౌరవించి వారి దుఃఖమును వినుటయే నీవు చేయవలసిన పరిచర్య.

ఇక మార్గమును తెలిపెదను. ఇంటర్మీడియట్ పిదప సైకాలజీ గల బి.ఏ. పట్టము, దాని పిదప రెండేండ్ల ఎం.ఏ. లేక ఎం.ఎస్‌సి., ఆ మీదట అనుభవజ్ఞుల పర్యవేక్షణలో అభ్యాసము—ఇది సాధారణ క్రమము. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో సైకాలజీ శాఖలు కలవు. రోగనిర్ణయము చేయు క్లినికల్ సైకాలజిస్టు కాదలచినవారు, 1992 నాటి చట్టముచే నేర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ పొంది పేరు నమోదు చేసికొనవలయును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఇట్టి శిక్షణకు ప్రసిద్ధికెక్కినది. మందులు వ్రాయు సైకియాట్రిస్టు వేరు, అతడు ఎం.బి.బి.ఎస్. చదివిన వైద్యుడు. కొద్ది వారముల తరగతులకు హాజరై, యోగ్యతాపత్రము పుచ్చుకొని, పేరు పలక తగిలించువారిని చూచి మోసపోకుడు.

తెలుగు బిడ్డలు ఈ వృత్తికి ప్రత్యేకముగా కావలయును. పాఠ్యగ్రంథములు ఆంగ్లమున నున్నవి గాని, మనవారు దుఃఖించునది తెలుగున. వసతిగృహమున చేరిన బాలుడు తనకు డిప్రెషన్ అని చెప్పడు. ఇంటిమీద బెంగగా నున్నదనును, లేదా కడుపునొప్పి యని చెప్పి అన్నము మానును. పల్లెటూరి తల్లి గుండెలో దడ, ఒంట్లో నీరసమని చెప్పి ఊరకుండును. ఆ బెంగలో, ఆ దడలో ఏమున్నదో పట్టుకొనుటకు గ్రంథజ్ఞానముతో పాటు ఇంటిభాష వినిన చెవియు నుండవలయును. కేంద్రప్రభుత్వము 2022 లో ప్రారంభించిన టెలీ-మానస్ సేవలో 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోను మాటాడవచ్చును. బాధలో నున్న విద్యార్థులు దానిని జ్ఞాపక ముంచుకొందురు గాక. ఆ ఫోను నెత్తువారును రేపు మీలోనుండియే రావలయును గదా!

తలిదండ్రులారా, మీ కుమార్తె ఈ చదువు కోరినచో పిచ్చివారితో పని యేల యని తీసివేయకుడు. ఆరంభమున ఇంజనీరునకు వచ్చునంత జీతము రాకపోవచ్చును. ఆ మాట దాచుట న్యాయము కాదు. విద్యార్థులారా, సలహా చెప్పుటయందు మీకు మిక్కిలి మక్కువ యున్నచో ఈ పని మీకు తగదు. తోటివాని మాట ముగియువరకు ఓపికతో కూర్చుండి, విన్నదానిని మరియొకని చెవిని వేయకుండ నుండగలవారు మీలో నెవ్వరో మీకే తెలియును. అట్టివారు ఈ మార్గమును విచారింతురు గాక యని నా విన్నపము.