అరువు సరుకు – సొంత బాధ్యత

మానవుడు మాట నేర్చిన నాటినుంచీ ఆ మాటను దూరానికి చేరవేయాలని తహతహలాడుతూనే ఉన్నాడు. దండోరా, పావురం, ఉత్తరం, తంతి, టెలిఫోను – ఇవన్నీ ఆ తహతహకు పుట్టిన బిడ్డలే. మన దేశంలో నూట అరవై ఏళ్ళకు పైగా నడిచిన తంతి సేవ 2013 జులైలో మూతపడింది. నేడు సూర్యాపేట బస్టాండులో నిలబడ్డ విద్యార్థి కోదాడలోని స్నేహితునికి రెప్పపాటులో కబురు పంపుతున్నాడు. మిర్యాలగూడలో ఉన్న అక్క ఫోనులో రెండు నీలిగీతలు చూసి, "చదివిండు గానీ జవాబియ్యలే" అని అలుగుతున్నది. ఇది అందరూ ఎరిగిన సంగతే.

అంతగా ఎవరూ తలచని సంగతి మరొకటుంది. ఆ కబురు పెట్టెలను వాడుకోవడంతో మన విద్యార్థులు ఆగిపోలేదు. తామే యాప్‌లు తయారుచేస్తున్నారు. ఆఖరు సంవత్సరం ప్రాజెక్టు అనగానే ఒక యాప్, ఆ యాప్ అనగానే అందులో చాట్. హాస్టల్ యాప్‌లో చాట్, రక్తదాతల యాప్‌లో చాట్, ధాన్యం యాప్‌లో చాట్! ఈ చాట్ ఎక్కడినుంచి వస్తున్నది? నూటికి తొంభై పాళ్ళు ఎస్.డి.కె. నుంచి వస్తున్నది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

ఎస్.డి.కె. అంటే ఏమిటి?

సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్ అన్నదాన్ని పొట్టిగా ఎస్.డి.కె. అంటున్నాం. సెండ్‌బర్డ్, స్ట్రీమ్, కామెట్‌చాట్, ట్విలియో వంటి సంస్థలు కబుర్లు చేరవేసే యంత్రాంగమంతా ముందే తయారుచేసి ఉంచుతాయి. మనం వారి దగ్గర పేరు నమోదు చేసుకుంటే ఒక గుర్తింపు సంఖ్యను, ఒక తాళంచెవిని ఇస్తారు. వారి కిట్‌ను మన యాప్‌లో కలుపుకొని, వాడుకరిని వారి సర్వరుకు జతచేసి, ఒక చానల్ తెరిచి, కబురు పంపించడానికి పట్టుమని పాతిక వరుసల ప్రోగ్రాము చాలు. ఒక్క పూటలో తెరమీద మాటల బుడగలు లేస్తాయి. చూసినవాళ్ళు "భేష్" అంటారు.

ఆ పాతిక వరుసల వెనుక జరుగుతున్నది మాత్రం చిన్న పని కాదు. మిర్యాలగూడ ప్రాంతంలో కోతల కాలాన మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరడం మనకు కొత్త కాదు. రైతుకూ మిల్లుకూ నడుమ కబుర్ల కోసం మన విద్యార్థి ఒక యాప్ చేశాడనుకుందాం. "సేటూ, నా బండి వంతెప్పుడొస్తది?" అని రైతు రాశాడు. ఆ మాట తెరిచి ఉంచిన ఒక దారి గుండా సర్వరుకు చేరాలి. ఈ దారినే వెబ్‌సాకెట్ అంటారు. 2011లో దీనికి ప్రమాణం ఏర్పడింది. సర్వరు ఆ మాటను భద్రపరచాలి. మిల్లు గుమస్తా ఫోను నిద్రలో ఉంటే గూగుల్ లేక ఆపిల్ సంస్థల నోటిఫికేషన్ సేవ ద్వారా తట్టి లేపాలి. చేలో సిగ్నల్ పోయి మళ్ళీ వస్తే అదే మాట రెండుసార్లు పోకూడదు. ముందు రాసినది ముందు, వెనుక రాసినది వెనుక కనిపించాలి. ఇవన్నీ సొంతంగా రాయబోతే ఆరు నెలలు చాలవు. కాబట్టి ఎస్.డి.కె. తేవడం సోమరితనం అనేవారితో నేను ఏకీభవించను.

అరువు సిగ్గుచేటు కాదు

వాట్సాప్ చరిత్రే చూడండి. 2009లో బ్రయాన్ ఆక్టన్, జాన్ కూమ్ దాన్ని మొదలుపెట్టినప్పుడు సర్వరును శూన్యంలోంచి సృష్టించలేదు. ఈజాబర్‌డి అనే ఉచిత సాఫ్ట్‌వేరును తీసుకున్నారు. అది 2002లో అలెక్సీ షెపిన్ ప్రారంభించినది. అది రాసిన ఎర్లాంగ్ భాష స్వీడన్ టెలిఫోను సంస్థ ఎరిక్సన్‌లో 1980లలో పుట్టినది. అది పాటించిన జాబర్ పద్ధతిని 1999లో జెరెమీ మిల్లర్ లోకానికి ప్రకటించాడు. అంటే అరువు మీద అరువు, దాని మీద అరువు! కాని వాట్సాప్ వారు తెచ్చిన సరుకును తెచ్చినట్టు వాడలేదు. విప్పి చూశారు, కొరత ఉన్నచోట మార్చారు, తిరగరాశారు. అందుకే 2014లో ఫేస్‌బుక్ 1900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించేనాటికి, ముప్పై పైచిలుకు ఇంజనీర్లతోనే 45 కోట్ల మందికి సేవ చేయగలిగారు.

మన మిర్యాలగూడ మిల్లు సంగతీ అంతే గదా! మిల్లు యజమాని యంత్రాన్ని తానే పోతపోసుకోడు, కొనుక్కొస్తాడు. అయితే బెల్టు జారితే ఎందుకు జారిందో, రబ్బరు రోలరు అరిగితే బియ్యం ఎట్లా నలుగుతుందో, నూక ఎందుకు పెరిగిందో మిల్లు నడిపేవానికి తెలుసు. తెలియకపోతే ఆ మిల్లు ఒక్క సీజను కూడా నడవదు. నేను చెప్పదలచినది ఇంతే. అరువు తేవడం తప్పు కాదు, తెచ్చినదాని లోపలేముందో తెలుసుకోకపోవడమే తప్పు. తెచ్చిన సరుకు పరాయిదైనా, దాన్ని నమ్మి మన యాప్‌లో మాట్లాడినవారి పట్ల బాధ్యత మాత్రం మనదే. ఆ బాధ్యతను ఏ సంస్థా మన తరఫున మోయదు.

దుకాణం మూసేస్తే?

ఫేస్‌బుక్ 2013లో పార్స్ అనే సంస్థను కొన్నది. యాప్‌లకు కావలసిన సర్వరు పనులన్నీ అది చేసిపెట్టేది. వేలాది యాప్‌లు దాన్ని నమ్ముకున్నాయి. 2016 జనవరిలో "సేవ ఆపివేస్తున్నాం, ఏడాది గడువు" అని ప్రకటన వచ్చింది. 2017 జనవరిలో తలుపులు మూసేశారు. పోతూపోతూ ఆ సర్వరు ప్రోగ్రామును ఉచితంగా లోకానికి వదలడం ఒక్కటే మేలు. ట్విలియో సంస్థ కూడా తన ప్రోగ్రామబుల్ చాట్ సేవను 2022 జులైలో నిలిపివేసి, అందరినీ కాన్వర్సేషన్స్ అనే మరో సేవకు మారమన్నది. మారగలిగినవారు మారారు. మరి యాప్ రాసిన విద్యార్థి డిగ్రీ పట్టా పుచ్చుకొని హైదరాబాదు వెళ్ళిపోయి ఉంటే, వెనుక ఆ యాప్‌ను మార్చేదెవరు?

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ సేవల్లో చాలావాటికి నెలలో ఎంతమంది వాడారన్న లెక్క మీద రుసుము ఉంటుంది. కొద్దిమందికి ఉచితం, ఆ గీత దాటితే డాలర్లలో బిల్లు. ప్రాజెక్టు ప్రదర్శనలో వాడేది ఐదుగురు, బిల్లు సున్నా. అదే ధాన్యం యాప్‌ను వానాకాలం, యాసంగి కోతలప్పుడు వేలమంది రైతులు ఒక్కసారిగా తెరిస్తే? అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు.

తెలుగు మాట సంగతి

మనవాళ్ళు చాట్‌ను పరీక్షించేటప్పుడు "హాయ్", "హలో", "టెస్ట్" అని ఇంగ్లీషులో కొట్టి సరిపెడతారు. రైతు తెలుగులో రాస్తాడని తలచరు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. తెలుగులోని "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో ఐఫోనుకు కబురుగా వస్తే చాలు, ఆ కబురు చూపబోయిన యాప్ కుప్పకూలింది. ఆపిల్ వారి మెసేజెస్‌తో పాటు వాట్సాప్ వంటివి కూడా దెబ్బతిన్నాయి. ఆపిల్ సంస్థ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. జ్ఞానానికి మొదటి అక్షరమే అంత పెద్ద కంపెనీని తడబడజేసిందంటే, మన భాషతో పరీక్ష పెట్టేవారు ఎంత తక్కువో ఊహించండి!

మనకు ఒక్క అక్షరంగా కనిపించే "జ్ఞా", కంప్యూటరుకు జ, పొల్లు, ఞ, దీర్ఘం – నాలుగు సంకేతాలు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, వెరసి 12 బైట్లు. నోటిఫికేషన్‌లో ఇన్ని సంకేతాలే చాలునని నడుమన కత్తిరిస్తే ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. నెట్ లేనప్పుడు అదే మాటను ఎస్.ఎం.ఎస్.గా పంపుదామంటే, ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగుకు 70 సంకేతాలే పడతాయి. ఇక తిట్ల జల్లెడ మాట చెప్పనే అక్కరలేదు. ఇంగ్లీషు బూతులకు అమర్చిన జల్లెడ తెలుగు తిట్టును పట్టదు. ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగు తిట్టును అసలే పట్టదు. ఈ పరీక్షలు అమెరికాలో కూర్చున్నవాడు చేస్తాడా, మనం చేయాలా?

తాళంచెవి ఎవరి చేతిలో?

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. తొందరలో ఉన్న విద్యార్థి రహస్య తాళంచెవిని యాప్‌లోనే రాసిపెడతాడు. యాప్ ఫైలును విప్పి చదవడం తెలిసినవానికి చిటికెలో పని. వాడుకరి పేరు ఒక్కటి చెబితే లోపలికి రానిచ్చే సదుపాయం పరీక్షల కోసం పెట్టినది. దాన్ని అట్లాగే వదిలేస్తే పక్కూరివాడు మరో రైతు పేరుతో మిల్లుకు కబురు పెట్టవచ్చు. ప్రతి వాడుకరికీ మన సొంత సర్వరునుంచి విడిగా టోకెన్ ఇవ్వడమే సరైన పద్ధతి. ఆ మాట ఆయా సంస్థల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది, చదివే ఓపికే మనకు కావాలి.

"మా చాట్ భద్రమైనదే, ఎన్‌క్రిప్షన్ ఉంది" అనే మాట ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచు కనిపిస్తుంది. ఏ ఎన్‌క్రిప్షన్? దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది ఒకటి. పంపినవాడు, అందుకున్నవాడు తప్ప నడుమనున్న సర్వరు సైతం చదవలేనిది మరొకటి. రెండవదాన్ని వాట్సాప్ తన వాడుకరులందరికీ 2016 ఏప్రిల్‌లో అమర్చింది. ఎస్.డి.కె. ద్వారా వచ్చే మామూలు చాట్‌లో సాధారణంగా మొదటిదే ఉంటుంది. అంటే మన మాటలు ఎక్కడో ఉన్న సర్వరులో, చదవదలచుకుంటే చదవగల రూపంలో నిలవ ఉంటాయన్నమాట. ఆడపిల్లల హాస్టల్ యాప్ చేసేవారు, రోగుల యాప్ చేసేవారు ఈ తేడాను గుండెల మీద చెయ్యి వేసుకొని ఆలోచించాలి.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారాన్ని మన తరఫున మరో సంస్థ భద్రపరిచినా జవాబుదారీ మనదే. వారితో ఏ ఒప్పందం రాసుకున్నా అది మారదు. 18 ఏళ్ళు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. జరిమానా 250 కోట్ల రూపాయలదాకా ఉండవచ్చు. ఈ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలుకు వస్తాయి. విద్యార్థి ప్రాజెక్టు జోలికి ఎవరొస్తారులే అనుకోవద్దు. నేటి ప్రాజెక్టే రేపటి వ్యాపారం.

ఏం చేయాలి?

విమర్శించడం తేలిక, దారి చూపడం కష్టం. నాకు తోచిన దారి ఇది.

మొదటిది – ఎస్.డి.కె. ముట్టుకోకముందు ప్రతి విద్యార్థీ తన చేత్తో ఒక చిన్న చాట్ రాయాలి. ల్యాబులో రెండు కంప్యూటర్ల నడుమ సాకెట్ ప్రోగ్రాము చాలు. వైరు పీకినప్పుడు ఏమవుతుందో కళ్ళారా చూసినవాడే ఎస్.డి.కె. విలువ తెలుసుకుంటాడు.

రెండవది – ఎస్.డి.కె.ను పిలిచే వరుసలను యాప్ అంతటా చల్లకుండా ఒక్కచోట ఉంచాలి. కబుర్ల నకలు మన సొంత డేటాబేసులోనూ భద్రపరచుకోవాలి. అప్పుడు దుకాణం మూసినా మనిల్లు మిగులుతుంది.

మూడవది – తెలుగు ఒత్తులతో, పొడుగు వాక్యాలతో, పాత ఫోనుతో, బలహీనమైన సిగ్నల్‌తో పరీక్షించాలి. కోదాడ కాలేజీ మెట్లమీద కాదు, పొలం గట్టుమీద.

నాలుగవది – వేధించేవాణ్ణి ఆపే మీట, ఫిర్యాదు చేసే మీట మొదటి రోజునుంచే ఉండాలి. ఫిర్యాదు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి.

అయిదవది అధ్యాపకులకు మనవి. వైవాలో "చాట్ పనిచేస్తున్నదా?" అని మాత్రమే అడగకండి. "కబుర్లు ఎక్కడ దాగున్నాయి? రహస్య తాళంచెవి ఎక్కడుంది? వెయ్యిమంది వస్తే నెలకు ఖర్చెంత? ఆ సంస్థ మూతపడితే ఏం చేస్తావు?" అని అడగండి. ఈ నాలుగు ప్రశ్నలకు మార్కులు పెడితే విద్యార్థులు తామే చదువుకుంటారు. కాలేజీ తలచుకుంటే ఈజాబర్‌డి గాని, 2014లో మొదలైన మేట్రిక్స్ పద్ధతి గాని ఒక పాత కంప్యూటరు మీద నడిపి చూపవచ్చు. రెండూ ఉచితమే. పాత విద్యార్థులలో ఈ రంగంలో పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నారు. ఏడాదికొక ఆదివారం వచ్చి ఒక పూట పాఠం చెబితే ఈ కాలేజీ రుణం తీరినట్టే.

మిత్రులారా! సూర్యాపేట, కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. అటు హైదరాబాదు, ఇటు విజయవాడ వెళ్ళే వాహనాలు రాత్రింబవళ్ళు మన ఊళ్ళ మీదుగా పరుగెత్తుతాయి. ఎవరి సరుకో ఎవరికో చేరుతుంది, మనం రోడ్డు పక్క నిలబడి చూస్తాం. సాంకేతిక విద్యలో కూడా మనం రోడ్డు పక్క జనంగానే మిగిలిపోకూడదు. సరుకు ఎక్కడినుంచైనా రానీయండి. మూట విప్పి, తూచి, మంచీచెడూ చూసి మరీ దింపుకుందాం. మన జనం మనల్ని నమ్మి చెప్పుకొనే మాట అందులో పోస్తున్నాం గనుక.