ఎగిరిన గంటల లెక్క అడగండి

ఇంటర్ ఫలితాలు రావడం ఆలస్యం, పైలెట్ కోర్సుల ప్రకటనలు మొదలవుతాయి. తెల్లచొక్కా, భుజం మీద గీతలు, వెనకాల విమానం. బళ్లారి, హోసూరు, బరంపురం వైపు మన కుటుంబాలకూ ఈ మోజు తగిలింది. శిక్షణ విమానాలు ఎగిరే చోట్లు మన రాష్ట్రాల్లోనే వున్నాయి: కలబురగి, బారామతి, గోందియా, ఒడిశాలోని బిరసాల. ఖర్చు మాత్రం నలభై, యాభై లక్షల మాట. పొలం కాగితాలు బ్యాంకుకు వెళ్లాల్సిందే.

ఇంత డబ్బుకూ వచ్చేదేమిటి? కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా తనదే అయివుండాలి. వాతావరణం, దిశానిర్ణయం, నిబంధనల మీద రాతపరీక్షలు వేరు. అన్నిటికన్నా ముందు వైద్యపరీక్ష. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా కనిపించని పిల్లాడి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పంపడం ఏం న్యాయం?

అసలు చిక్కు ఆ 200 గంటల దగ్గరే వుంది. విమానం రిపేరులో వుందనీ, ఇన్‌స్ట్రక్టర్ సెలవులో వున్నాడనీ నెలలు గడిచిపోతాయి. ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతుంది. చివరికి ఎలాగోలా గంటలు పూర్తిచేయాలన్న తొందర. కొందరు ఎగరకుండానే లాగ్‌బుక్ నింపేశారని 2011లో బయటపడింది. ఆ గంటలు లేనివాడు రేపు ఎదురుగాలిలో విమానం దించాలంటే కాగితం సాయం చేయదు కదా.

2020 జూన్‌లో బిరసాలలో శిక్షణ విమానం కూలి ఇన్‌స్ట్రక్టరూ, శిక్షణలో వున్న యువతీ చనిపోయారు. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న తమిళనాడు అమ్మాయి ప్రాణాలు కోల్పోయింది. 2023 మార్చిలో గోందియా నుంచి లేచిన విమానం బాలాఘాట్ కొండల్లో పడి ఇద్దరు పోయారు. అదే ఏడాది అక్టోబరులో, ఆరు నెలల్లో ఐదు ప్రమాదాలు జరిగాయని ఒక సంస్థ శిక్షణను డీజీసీఏ నిలిపివేసింది. ఐదో ప్రమాదం దాకా ఎందుకు ఆగినట్లు?

2025లో డీజీసీఏ తొలిసారి శిక్షణ సంస్థలకు గ్రేడ్లు ఇచ్చింది. మంచి పనే. పైనున్న రెండు గ్రేడ్లలో ఒక్క సంస్థా నిలవలేదు. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు చేరింది? ప్రకటనలో భుజం గీతలు కనిపిస్తాయి గానీ గ్రేడు కనిపించదే! లైసెన్సు చేతికొచ్చినా ఉద్యోగం ఖాయమని ఎవరూ పూచీ పడలేరు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలెట్లే రోడ్డున పడ్డారు.

కాబట్టి ఎగరగలిగే విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, నిరుడు ఒక్కో విద్యార్థి ఎగిరిన గంటలెన్ని, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నవి ముందే తేలాలి. ఇంకొకటి. గాలి బాగాలేదని పిల్లాడు ఆరోజు ఎగరనంటే, ఆ పూట డబ్బు పోయినట్లు లెక్కగట్టకూడదు. ఫీజు తీసుకునే ముందు ఇవన్నీ రాతపూర్వకంగా, చదివేవాళ్ల భాషలో ఇవ్వని సంస్థకు డీజీసీఏ అనుమతి పొడిగించరాదు.