ఆడవాళ్లకి మామూలేనట!

రిపోర్టులో హిమోగ్లోబిన్ 8 అని కనిపిస్తున్నా ‘ఆడవాళ్లకి రక్తం తక్కువుండడం మామూలేనమ్మా’ అని కాగితం మడిచి చేతిలో పెట్టేవాళ్లను ఏమనాలి? మామూలు స్త్రీకి కనీసం 12 గ్రాములుండాలి, గర్భిణికి 11. మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం మామూలా? అదే ఇంటాయనకి బీపీ కాస్త పెరిగిందంటే ఇల్లంతా చప్పిడి కూరలు తింటుంది కదా!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయిదేళ్లలోపు పసివాళ్ల సంగతి ఇంకా ఘోరం: తెలంగాణలో 70 శాతం. దేశం మొత్తమ్మీద స్త్రీల లెక్క అంతకుముందు సర్వేలో 53.1 ఉంటే 57కి ఎగబాకింది. ఐరన్ బిళ్లల పథకం 1970లో మొదలైంది. జాతీయ పోషకాహార సంస్థ ఎక్కడో లేదు, మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. అయినా ఇదీ మన బతుకు.

మూడు గుడ్లు ఉడికితే అవి ఎవరి కంచాల్లో పడతాయో ఏ ఇంట్లోనైనా పసిపిల్లను అడిగినా చెబుతుంది. అందరూ తిని లేచాక ఇల్లాలు కూర్చుంటుంది. కూర మూకుడులో అన్నం వేసి తుడుచుకుని, పచ్చడి నంజుకుని, మజ్జిగతో ముగించేస్తుంది. నెలనెలా పోయే రక్తం, కాన్పుల్లో పోయే రక్తం ఈ ముద్దతో తిరిగొస్తుందా? పైగా ‘మా అమ్మ ఏదున్నా సర్దుకుపోతుంది’ అని మురిసిపోతాం. సిగ్గుండాలి మనకి.

తెల్లన్నంలో ఇనుము అంతంతమాత్రం. తోటకూరలో, మునగాకులో ఉన్నదీ ఒంటికి పట్టేది కొంతే. నిమ్మకాయ పిండుకుంటేనో, ఓ జామకాయ తింటేనో ఇంకాస్త పడుతుంది. భోజనం కాగానే తాగే టీ ఆ కాస్తా పట్టనివ్వదు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఏ బడ్జెట్ కావాలి?

బడిలో వారానికోసారి నీలం ఐరన్ బిళ్ల ఇస్తారు. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతుందని, దొడ్డికి నల్లగా వెళ్లినా భయపడక్కర్లేదని ముందే చెప్పకపోతే పిల్ల ఏం చేస్తుంది? గోడవతలికి విసిరేస్తుంది. రిజిస్టరులో మాత్రం ‘ఇచ్చాం’ అని టిక్కు పడుతుంది.

అన్నిటికన్నా ఒళ్లు మండేది రేషన్ బియ్యం దగ్గర. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసి, వందకి ఒకటి లెక్కన బియ్యంలో కలుపుతూ వచ్చారు. అవి రంగులో కాస్త తేడాగా ఉంటాయి, కడిగితే కొన్ని నీళ్ల మీద తేలతాయి. ఇంకేముంది, ప్లాస్టిక్ బియ్యమని పుకారు! చేటలో పోసుకుని, కళ్లు చికిలించుకుని, ఒక్కో గింజా ఏరి కోళ్లకు వేశారు. కోళ్లకు రక్తం పట్టింది! ఆ తల్లుల తప్పేముంది ఇందులో? పిల్లలకి విషం పెడుతున్నారేమోనని భయపడ్డారు. బియ్యం తూచి ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా నాలుగు గింజలు అరచేతిలో పోసి, ఇవీ ఇవని చూపించారా?

ఇది చదివి ఏ అధికారైనా కదిలితే దయచేసి ఈ మాటలు చెప్పే పనీ ఆశా కార్యకర్త నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవద్దు. ముందు ఆమెకి రక్తపరీక్ష చేయించండి. ఆమె ఒంట్లో ఎంతుందో చూడండి.