పిట్టపోరు, పిల్లి తీర్పు

మా బాబాయి 2015లో ఉద్యోగం చాలించి దోహా నుంచి కాకినాడ వెళ్ళిపోతూ నాకొక అట్టపెట్టె అప్పగించారు. “జాగ్రత్తరా, ఖరీదైన సరుకు” అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. విప్పి చూస్తే ఒక హెచ్‌డీ డీవీడీ ప్లేయరు, ఆరు హాలీవుడ్ సినిమాల డిస్కులు, ఇక్కడి 240 వోల్టుల కరెంటుని అమెరికా ప్లేయరుకి సరిపడేలా దించే ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. అడుగున, బట్టలకొట్టు కవర్లో చుట్టి, మా అక్క పెళ్ళి వీసీడీలు మూడు. బాబాయి ఖరీదైన సరుకన్నది ప్లేయరుని. వీసీడీలు అందులో ఉన్నాయన్న సంగతే ఆయనకి గుర్తులేదు.

ఆ ప్లేయరు దోహాలో అడుగుపెట్టిన ముహూర్తం గురించి చెప్పాలి. 2007 చివర్లో అమెరికాలో వాటి ధరలు బాగా దిగాయి. న్యూజెర్సీ నుంచి వస్తున్న స్నేహితుడి చేత బాబాయి ఒకటి తెప్పించుకున్నారు. అది ఇక్కడ విమానం దిగిన వారానికే, 2008 జనవరి 4న, వార్నర్ బ్రదర్స్ తాము త్వరలో బ్లూ-రేకే పరిమితమవుతామని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామంది. బారసాలా, దినమూ రెండు నెలల్లోపే అయిపోయాయి.

ఈ పోరు గురించి ఇన్నేళ్ళ తర్వాత ఎందుకంటారా? ఆ పెట్టెలో ఉన్న రెండు రకాల డిస్కుల్లో ఏది ఎక్కువకాలం బతికింది, ఎందుకు బతికింది అన్నదాంట్లో మనలాంటివాళ్ళకి పనికొచ్చే విషయం ఒకటుందని నాకనిపించింది.

ఉత్తరం ఒకటే, కవర్లు వేరు

ముందు పాత సంగతులు క్లుప్తంగా. రెండు డిస్కులూ వాడింది 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరునే. డీవీడీ వాడే 650 నానోమీటర్ల ఎర్ర లేజరు కన్నా ఇది సన్నటి చుక్కల్ని చదవగలదు కాబట్టి అదే సైజు డిస్కులో ఎక్కువ సమాచారం పడుతుంది. బ్లూ-రేలో సమాచారం ఉండే పొర పైతలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. హెచ్‌డీ డీవీడీలో, పాత డీవీడీలో లాగే, 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. అందుకని ఒక్కో పొరలో బ్లూ-రేకి 25 గిగాబైట్లు పడితే హెచ్‌డీ డీవీడీకి 15 పడతాయి. దానికి బదులు, హెచ్‌డీ డీవీడీని పాత డీవీడీ కర్మాగారాల్లోనే కొద్ది మార్పులతో తయారుచేసుకోవచ్చు. ఒకరిది చోటు, ఇంకొకరిది చవక.

మరి లోపలి సరుకో? ఎమ్‌పెగ్-2, వీసీ-1, హెచ్.264: రెండింటిలోనూ అవే మూడు కోడెక్‌లు. బొమ్మ రెండింటిలోనూ 1080 గీతలదే. తాళం కూడా ఏఏసీఎస్ అనే ఒకే పద్ధతి. బ్లూ-రే ఇంకో తాళం అదనంగా వేసుకుంది, అంతే. ప్రోగ్రామర్ల కంటికి ఆనే తేడా మెనూల్లో ఉంది. బ్లూ-రే జావాని నమ్ముకుంది, హెచ్‌డీ డీవీడీ ఎక్స్‌ఎమ్‌ఎల్‌నీ జావాస్క్రిప్టునీ నమ్ముకుంది. అంటే రాసిన ఉత్తరం ఒకటే, పోట్లాటంతా కవరు గురించి. 2005లో సోనీ, తోషిబాలు ఒకే కవరుకి ఒప్పుకుందామని చర్చలు జరిపాయి, కుదరలేదు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయన్నట్టు, దెబ్బ మాత్రం మా బాబాయిలాంటివాళ్ళకి తగిలింది.

ఈ గెలుపు సాంకేతికంగా తేలిందని నేననుకోను. 2006 ఏప్రిల్లో అమెరికాలో తొలి హెచ్‌డీ డీవీడీ ప్లేయరు 499 డాలర్లకి వస్తే, జూన్‌లో తొలి బ్లూ-రే ప్లేయరు 999కి వచ్చింది. ధర ఒక్కటే చూస్తే రెండోది నిలబడకూడదు. కానీ అదే నవంబరులో విడుదలైన ప్లేస్టేషన్ 3లో ప్రతిదాంట్లోనూ బ్లూ-రే డ్రైవు ఉంది. ఆటల కోసం కొన్న కుర్రాడి ఇంట్లో అడక్కుండానే ఒక బ్లూ-రే ప్లేయరు చేరిపోయింది. మైక్రోసాఫ్ట్ మాత్రం ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవుని విడిగా 199 డాలర్లకి అమ్మింది. ఆ తర్వాత అంతా ఒప్పందాల ఆట. 2007 ఆగస్టులో పారమౌంట్ హెచ్‌డీ డీవీడీ వైపు దూకింది. జనవరిలో వార్నర్ అవతలి వైపు దూకింది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ వరసగా బ్లూ-రేకే ఓటు వేసేసరికి కథ ముగిసింది.

వాడుకునేవాళ్ళకి మేలుచేసే గుణం ఒకటి మాత్రం ఓడినవాడి దగ్గరే ఉంది. హెచ్‌డీ డీవీడీకి రీజియన్ కోడ్ లేదు. దాని విలువ గల్ఫులో బతికేవాళ్ళకి బాగా తెలుస్తుంది. డీవీడీల లెక్కలో అమెరికా రీజియన్ 1, గల్ఫు 2, ఇండియా 5. బ్లూ-రే వచ్చాక అమెరికా ఏ, గల్ఫు బీ, ఇండియా సీ. తమ్ముడు డాలస్‌లో, తను దోహాలో, అమ్మానాన్నలు కాకినాడలో ఉన్నవాడు డబ్బు పెట్టి కొన్న డిస్కు, తన ఇళ్ళలోనే ఒకచోట ఆడి ఇంకోచోట ఆడదన్నమాట. విచిత్రమేమిటంటే, 2016లో వచ్చిన 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో ఈ కోడ్ తీసేశారు. గెలిచినవాడికి ఆ బుద్ధి రావడానికి పదేళ్ళు పట్టింది.

పిల్లి వచ్చింది

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని సామెత. ఇక్కడి పిల్లి పోరు మంచి జోరుమీదున్నప్పుడే, 2007 జనవరిలో, గుమ్మంలోకి వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్టు మీద సినిమాలు చూపించడం మొదలుపెట్టింది ఆ నెలలోనే. తొమ్మిదేళ్ళకి, 2016 జనవరిలో, ఇండియా, కతార్‌లతో సహా ఒకేరోజు 130 దేశాల్లోకి అడుగుపెట్టింది. 2023 సెప్టెంబరులో తన డిస్కుల తపాలా వ్యాపారాన్ని పూర్తిగా మూసేసింది. బ్లూ-రేకి ఓటు వేసిన బెస్ట్ బై 2024లో సినిమా డిస్కులు అమ్మడమే మానేసింది. యుద్ధం గెలిచినవాడికి దక్కిన రాజ్యం ఇదీ.

స్ట్రీమింగుని తిట్టడం నా ఉద్దేశం కాదు. నేను దోహా వచ్చిన కొత్తలో తెలుగు సినిమా కావాలంటే వీడియో షాపులో మలయాళం డీవీడీల మధ్య వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి సోఫాలో కూర్చుంటే చాలు. కాకపోతే యుద్ధం అయిపోయిందనుకుంటే పొరపాటు. 2022 మేలో ఆర్ఆర్ఆర్ తెలుగులో జీ5కి, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్ళింది. ఒకే సినిమా, భాషని బట్టి రెండు దుకాణాలు. రీజియన్ కోడ్ కూడా చావలేదు, డిస్కు మీంచి ఐపీ అడ్రసు మీదకి మారింది. సెలవుకి ఇంటికెళ్ళి అదే అకౌంటు తెరిచి చూడండి, సినిమాల జాబితా మారిపోతుంది. పాత యుద్ధానికి ఒక ఫిబ్రవరి 19 ఉంది. దీనికి లేదు. అందరికీ నెలనెలా చందాలు కట్టి నడిపిస్తున్నది మనమే.

“కొన్న” సినిమాల పరిస్థితీ అంతంతమాత్రమే. హాలీవుడ్ స్టూడియోలు చాలా కలిసి నిలబెట్టిన అల్ట్రావయొలెట్ అనే డిజిటల్ బీరువా 2019 జులై 31న మూతపడింది. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా చట్టం ప్రకారం, చేతికివ్వని డిజిటల్ సరుకుని “కొనండి” అని అమ్మాలంటే, మీకు దక్కేది లైసెన్సు మాత్రమేనని దుకాణం స్పష్టంగా చెప్పితీరాలి. చట్టం చేసి మరీ చెప్పించాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా జనం ఏమనుకుంటూ కొన్నారో ఊహించుకోవచ్చు.

మూడు వీసీడీలు

ఇక పెట్టె అడుగుకి వద్దాం. హాలీవుడ్‌లో ఈ మహాయుద్ధం జరుగుతున్నప్పుడు మన ఇళ్ళలో ఇంకా వీసీడీలే ఆడుతున్నాయి. 1993 నాటి ప్రమాణం అది. బొమ్మ 352 బై 288 చుక్కలు, డిస్కుకి 74 నిమిషాలు. మన సినిమాకి రెండో మూడో డిస్కులు పట్టేవి. ఫైటు మొదలవగానే బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విడిపోయేది. మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మి ఇంటింటికీ చేర్చింది కూడా ఆ రోజుల్లోనే. ఇంత పేద ప్రమాణానికి రెండు సుగుణాలున్నాయి. రీజియన్ లేదు, తాళం లేదు.

2024లో ఒకరోజు నాన్నగారు ఫోన్లో, “తాతయ్య గొంతు ఎక్కడైనా ఉందేమోరా?” అని అడిగారు. తాతయ్య పోయింది 2006లో. ఫోటోలున్నాయి గానీ గొంతెక్కడుంది? అప్పుడు గుర్తొచ్చాయి, 2003 నాటి అక్క పెళ్ళి వీసీడీలు. లాప్‌టాప్‌లో డ్రైవు లేదు కాబట్టి బయట తగిలించేది ఒకటి కొన్నాను. మొదటిదీ మూడోదీ సాఫీగా కాపీ అయ్యాయి. తలంబ్రాలూ అక్షింతలూ ఉన్న రెండోది మొరాయించింది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి సెక్టారు సెక్టారుగా చదివే ఒక ఉచిత ప్రోగ్రాముకి అప్పగిస్తే, రెండు రాత్రులు గీకి గీకి చాలామటుకు లాగింది. మధ్యమధ్యలో పచ్చటి మరకలు మిగిలాయి. తాతయ్య అక్షింతలు వేసి పెళ్ళికొడుకు చెవిలో ఏదో చెప్పి నవ్వుతారు. సన్నాయి హోరులో అది వినబడదు. తర్వాత కెమెరా అబ్బాయితో, “నన్నేం తీస్తావయ్యా, అటు తియ్యి” అంటారు. అది వినబడుతుంది. నాన్నగారికి పంపిస్తే ఆ రోజు తిరిగి ఫోను చెయ్యలేదు, మర్నాడు చేశారు.

ఇరవై ఒక్కేళ్ళ ఎమ్‌పెగ్-1 ఫైలు డబుల్ క్లిక్ చెయ్యగానే ఆడింది. ఏ సర్వరునీ పలకరించలేదు, ఏ తాళంచెవీ అడగలేదు. అదే వారం హెచ్‌డీ డీవీడీ ప్లేయరు కూడా తగిలించి చూశాను. ట్రాన్స్‌ఫార్మరు తుమ్మెదలా రొదపెట్టింది గానీ సినిమా ఆడింది, బొమ్మ ఈనాటికీ ముచ్చటగానే ఉంది. కానీ ఆ లెన్సు అలిసిపోయిన రోజున ఆ ఆరు డిస్కులూ కాఫీ కప్పుల కింద పెట్టుకోవడానికే. కొత్త ప్లేయరు తయారుచేసేవాడు లేడు, తాళం తీసి వేరేచోటికి మార్చుకునే హక్కు మనకి లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఏ ఫార్మాటు ఎంతకాలం బతుకుతుందన్నది బొమ్మ నాణ్యతలో లేదు, దాన్ని చదవడానికి ఇంకొకరి అనుమతి కావాలా అన్నదాంట్లో ఉంది. ఇక్కడి కతార్ నేషనల్ లైబ్రరీ, బ్రిటిష్ లైబ్రరీతో కలిసి ఇండియా ఆఫీసు నాటి పాత కాగితాల్ని 2014 నుంచి ఇంటర్నెట్టులో ఉచితంగా పెడుతోంది. వందేళ్ళ కిందటి గుమాస్తా రాత చదవడానికి కళ్ళుంటే చాలు. మన ఇళ్ళలోని పదిహేనేళ్ళ కిందటి సరుక్కి ఆ భాగ్యం లేదు.

కన్సల్టెంటుగా క్లయింటు దగ్గర నేను మొదట అడిగే ప్రశ్న, “ఈ కంపెనీ రేపు మూతపడితే మీ డేటా బయటికి ఎలా వస్తుంది?” అనే. మనలో చాలామందికి ఇది రోజువారీ పనే. ఇంటికి రాగానే మర్చిపోతాం. కాబట్టి సెలవుకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. బీరువాలో ఉన్న పెళ్ళిళ్ళ, బారసాలల, అన్నప్రాశనల డిస్కులు, క్యాసెట్లు బయటికి తియ్యండి. తాళాల్లేని మామూలు ఫైళ్ళుగా మార్చి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఒకటి అక్కడ, ఒకటి మీ దగ్గర. ఏడాదికోసారి తెరిచి చూడండి. సినిమాలు ఎవరో ఒకరు మళ్ళీ అమ్ముతారు. “అటు తియ్యి” అన్న ఆ ముక్క ఎవరూ అమ్మరు.