ఇంటి ముంగిట గరిక పచ్చిక

గడ్డి మొలిపించడం కూడా ఒక విద్యేనా అని రైతు నవ్వవచ్చు. ఛత్తీస్‌గఢ్ వరిపొలాల్లో గట్టుమీది గరిక మడిలోకి దిగకుండా కాచుకోవడం అతనికి ఏటేటా తప్పని పని. అదే గరికను పట్నవాసి డబ్బిచ్చి విత్తనంగా కొని, నేల దున్నించి, నీళ్ళు పోసి, మొలక ఎప్పుడు కనిపిస్తుందా అని వంగి వంగి చూస్తాడు. అంత చేసినా రాయపూర్ వంటి ఊళ్ళో ఇంటిముందు వేసిన పచ్చిక తరచు మొదటి వేసవి దాటదు. లోపం గడ్డిది కాదు, నేలదీ కాదు. అదనూ పదునూ చూడకుండా విత్తడమే ఆ నష్టానికి మూలం.

ఇంటిముందు పచ్చికబయలు అనే ఊహ చల్లని తడిదేశాలలో పుట్టింది. 1830లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డికోత యంత్రాన్ని కనిపెట్టేవరకు అది సంపన్నుల సొత్తు. కొడవళ్ళతో పచ్చిక కోయించడానికి కూలీలను పెట్టుకోగలిగినవారికే అది సాధ్యమయ్యేది. యంత్రం వచ్చాక మధ్యతరగతి ఇళ్ళకు పాకింది. 2005లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అమెరికాలో పచ్చిక ఆక్రమించిన నేల సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం యావత్తూ కలిపినా 1,35,000 చదరపు కిలోమీటర్లకు కాస్త మించుతుందంతే!

ఆ దేశాల తోటపని పుస్తకాలు మెచ్చుకొనే రై గడ్డి, ఫెస్క్యూ, బ్లూగ్రాస్ మొదలైనవి శీతలదేశపు గడ్డిజాతులు. దుకాణంలో పొట్లంమీది బొమ్మ చూసి వాటిని కొని రాయపూర్‌లో నవంబరులో చల్లితే జనవరికల్లా కన్నులపండువుగా ఉంటాయి. ఏప్రిల్ ఎండలకు మాడిపోతాయి. మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే ఊరికి తగిన గడ్డి మన గరికే. ఇది వేడిని కోరే మొక్క. నేలపైన పాకే తీగలతోనూ, నేల లోపల పాకే కాడలతోనూ విస్తరిస్తుంది. పైన ఆకు ఎండినా లోపలి కాడ బతికే ఉంటుంది. అయితే నీడ దీనికి గిట్టదు. రోజుకు కనీసం ఆరుగంటల ఎండ తగలాలి. మామిడిచెట్టు కింద గరిక విత్తడం విత్తనాన్ని పారబోసుకోవడమే.

ఇక అదను. రాయపూర్‌కు ఋతుపవనాలు సాధారణంగా జూన్ నడుమ వస్తాయి. ఏడాది వానలో అత్యధికభాగం సెప్టెంబరు ముగిసేలోగానే కురుస్తుంది. తొలకరి పడగానే విత్తాలని ఎవరికైనా తోస్తుంది. కాని గరిక విత్తనం నలుసంత ఉంటుంది. ఒక కిలోలో ముప్పైలక్షలకు పైగా గింజలుంటాయి. జూలై జడివాన ఒక్కటి చాలు, వాటిని ఊడ్చి మురుగుకాలవలో కలపడానికి. నవంబరు దాటితే రాత్రులు చల్లబడి మొలక మందగిస్తుంది. కాబట్టి వాన తగ్గి, నేల ఇంకా వెచ్చగా ఉండే సెప్టెంబరు రెండో పక్షం మేలైన కాలం. తెలుగువారికి గుర్తు పెట్టుకోవడమూ తేలిక. వినాయకుడికి గరికపోచలు సమర్పించే చవితి వెళ్ళి, వానలు వెనుదిరిగాక విత్తితే సరి. అప్పుడు నాటుకొన్న గడ్డికి వేసవిలోగా వేళ్ళు దించుకోవడానికి అయిదారునెలలు చిక్కుతాయి. అది తప్పితే ఫిబ్రవరి చివర విత్తవచ్చు గాని, లేతమొక్క వేళ్ళు దిగకముందే ఎండలు ముదురుతాయి. నీటి ఖర్చూ హెచ్చు.

నేల సంగతి అంతకంటె ముఖ్యం. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన వచ్చి స్థిరపడిన కోస్తావారు తమ ఊరి నేలను తలచుకొని ఇక్కడ పలుగు దించితే ఆశ్చర్యపోక తప్పదు. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు పేర్లతో గుర్తిస్తాడు. ఎర్రని గులక నేల భాటా, లేతపసుపు గరపనేల మటాసీ, అంతకంటె బంకగా ఉండేది డోర్సా, నల్లరేగడి కన్హార్. పచ్చికకు మటాసీ అనువైనది. భాటాలో నీరు నిలవదు. గులకరాళ్ళు ఏరి, పైన పది సెంటీమీటర్ల మంచిమట్టి పరచుకోవాలి. కన్హార్ వానలో జిగురై, వేసవిలో బీటలు వారుతుంది. అందులో నాలుగు తట్టల ఇసుక కలిపితే బాగుపడుతుందనుకోవడం భ్రమ. దానికి కావలసింది చివికిన ఎరువు, నీరు పోయే వాలు. కొత్తగా కట్టిన ఇంటి ముందైతే ఈ నాలుగు నేలలూ కనిపించవు. పైనంతా ఇటుకముక్కలు, సిమెంటు పెళ్ళలే. వాటిని తీసివేయకుండా మట్టి కప్పితే, తర్వాత పచ్చికలో పసుపుమచ్చలు ఏర్పడి ఆ చోట్లను పట్టి ఇస్తాయి.

తవ్వకం తొలకరికి ముందే ముగించాలి. పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్ల లోతు తవ్వి, రెండుమూడు సెంటీమీటర్ల మందాన బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, ఇంటిగోడనుంచి బయటికి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇచ్చి చదును చేయాలి. ఆ తర్వాత దానిని వానలకు వదలివేయడమే మంచి ఉపాయం. వానకు మట్టి కుదుటపడి పల్లాలు బయటపడతాయి. దాగి ఉన్న కలుపు మొలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు నాగలిని, పనిముట్లను పూజించే హరేలీ పండుగ వారి లెక్కలో శ్రావణ అమావాస్య, మన లెక్కలో ఆషాఢ అమావాస్య. అప్పటినుంచి చవితిదాకా రెండువారాల కొకసారి కలుపు తీసి, పల్లాలు పూడ్చాలి. తుంగను మాత్రం పైపైన గీరరాదు. దాని గడ్డలు గొలుసుకట్టుగా లోపల ఉంటాయి. తడినేలలో గడ్డతోసహా పెళ్ళగించాలి. విత్తిన తర్వాత కలుపు తీయాలంటే మొలకలు తొక్కక తప్పదు. ఈ రెండునెలల ఓపికే పచ్చిక భవిష్యత్తును తేల్చేది.

విత్తనం కొనేముందు దాని తేదీ చూడాలి. వడ్లను పరీక్షించినట్లే నూరుగింజలను తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచి, రెండువారాలలో ఎన్ని మొలిచాయో లెక్కించవచ్చు. పొట్టు తీసిన విత్తనం వారం పదిరోజుల్లో మొలుస్తుంది. పొట్టుతో ఉన్నది మూడువారాలదాకా తీసుకొంటుంది. చదరపు మీటరుకు అయిదు నుంచి పది గ్రాములు చాలు. దానికి నాలుగైదింతల పొడి ఇసుక కలిపి, సగం తూర్పుపడమరలుగా, మిగిలిన సగం ఉత్తరదక్షిణాలుగా గాలిలేని వేళ చల్లాలి. దంతె వెనుకవైపుతో మెల్లగా సవరించి, గింజపై అరసెంటీమీటరుకు మించి మట్టి పడకుండా చూసి, బరువైన దుంగనో రోలరునో ఒకసారి దొర్లించాలి. పైన వరిగడ్డి పలుచగా, కింది నేల సగం కనిపించేటట్లు పరిస్తే తేమ నిలుస్తుంది. పిచ్చుకలూ చీమలూ గింజలను ఎత్తుకుపోవడమూ తగ్గుతుంది. పచ్చదనం కనిపించగానే ఆ గడ్డి తీసివేయాలి.

మొదటి రెండువారాలు పైమట్టి ఒక్కపూట ఆరినా మొలక చచ్చిపోతుంది. అందుచేత జల్లుడబ్బాతో రోజుకు మూడు నాలుగుమార్లు కొద్దికొద్దిగా తడపాలి. గొట్టంతో ధార పట్టరాదు. తర్వాత తడులు తగ్గించి, పెట్టినప్పుడు లోతుగా పెట్టాలి. నెల దాటాక చదరపు మీటరుకు అయిదుగ్రాముల యూరియా చల్లి వెంటనే నీరివ్వవచ్చు. గడ్డి అయిదు సెంటీమీటర్లు పెరిగాక పదునైన కత్తులున్న యంత్రంతో పైభాగం మాత్రమే కోయాలి. ఏ కోతలోనూ ఎత్తులో మూడోవంతుకు మించి తీయరాదు.

చివరిగా, అందరూ దాటవేసే ప్రశ్న నీటిది. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. మండువేసవిలో నూరు చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఇచ్చినా 500 లీటర్లు కావాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వం పెట్టుకొన్న ప్రమాణం. అంటే ఆ పచ్చిక నలుగురున్న ఇంటి నీటికి దాదాపు సమానమైన నీరు తాగుతుంది. రాయపూర్ తాగే నీటికి ఆధారం ఖారూన్ నది. వేసవిలో దానికి మహానదిపై ధమ్తరీ దగ్గరి గంగ్రేల్ జలాశయం అండ. వీధికుళాయి దగ్గర బిందెలు వరుసకట్టిన మే నెలలో ముంగిట పచ్చదనం నిలపడానికి గొట్టం విప్పడం ఏ గృహస్థుకూ శోభనివ్వదు.

గరిక ఆ అవసరమూ పెట్టదు. వేళ్ళు లోతుకు దిగిన గరిక వేసవిలో గోధుమరంగుకు మారి నిద్రపోతుంది. అది చావు కాదు. బియ్యం, కూరలు కడిగిన నీటిని పదిరోజులకో పర్యాయం పోసి, కోత ఆపి, దానిపై నడక తగ్గిస్తే చాలు. తీరిక, నీరు రెండూ తక్కువైనవారు నూరు చదరపు మీటర్లకు బదులు ముప్పైతో సరిపెట్టుకొని, మిగిలిన చోట పొదలు వేసుకోవడం వివేకం. జూన్‌లో మొదటి మంచివానలు పడిన రెండువారాలదాకా ఆగి చూడాలి. అప్పటికీ చిగురించని మచ్చలుంటే, పక్కనున్న గరికతీగలు నాలుగు తీసి అక్కడ నాటితే వానాకాలం ముగిసేలోగా అవే కలిసిపోతాయి. మళ్ళీ విత్తనం కొనవలసిన పని ఉండదు.