సారు చెబితే సరిపోతుందా?

పాఠాన్ని ఉపన్యాసంలా చెప్పే పద్ధతికి కాలం చెల్లిందని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. మన మణుగూరు బొగ్గునే తీసుకోండి. ఆ నల్లని పెళ్ల 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి అని ఎంతసేపు తిప్పి చూసినా మీ అంతట మీకు తెలియదు. ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అశ్వాపురం కర్మాగారపు భారజలం గడ్డకడితే మామూలు నీటిలో తేలదు, మునుగుతుంది. ఇదీ అంతే. బడిలో భారజలం ఎక్కడ దొరుకుతుంది?

కాని బొగ్గులో మెరిసే పొరలు, మెరవని పొరలు ఉంటాయని నేను నల్లబల్ల మీద ఎందుకు రాయాలి? పెళ్ల చేతికిస్తే మీరే నాకు చెబుతారు. కళ్లతో చూడగలిగిన దాన్ని కూడా చెప్పి రాయించడమే మన పాఠాలకు పట్టిన తెగులు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు ఇది మరీ అన్యాయం. పుస్తకంలోని తెలుగు తలకెక్కేలోపే సారు పేజీ తిప్పేస్తారు. పెళ్లను చూడటానికి ఏ భాషయినా చాలు.

ఇది నా ఒక్కడి మాట కాదు. కళాశాలల్లో సైన్సు, లెక్కల బోధనపై జరిగిన 225 పరిశోధనలను 2014లో అమెరికాలో కలిపి చూశారు. ఉపన్యాసం విని ఊరుకున్న తరగతుల్లో తప్పినవారు నూటికి 34 మంది. చర్చించుకుంటూ, తామే చేస్తూ నేర్చుకున్నచోట 22 మందే.

మరి మైకేల్ ఫారడే? 1812లో లండన్‌లో ఆయన విన్నవి హంఫ్రీ డేవీ ఉపన్యాసాలే! అయితే విని ఊరుకోలేదు. అన్నీ బొమ్మలతో సహా తిరగరాసి, బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గరే సహాయకుడయ్యాడు.

బొగ్గు పాఠం రోజున ఒక చిన్న పెళ్ల జేబులో వేసుకుని వెళ్లండి. చొక్కా మరకకు ఇంట్లో చీవాట్లు తప్పవనుకోండి!