ఎన్ని నీళ్లు పోశావు తమ్ముడూ?

ఇంటర్‌లో మొలారిటీ లెక్కలంటే నాకు మంచినీళ్లు తాగినంత సులువు. మోల్స్‌ని లీటర్లతో భాగించెయ్, మార్కు కొట్టెయ్! అదే లెక్క మొన్న ఇంట్లో తప్పు చేశా.

అక్క వాళ్ల రెండేళ్ల బాబుకి పొద్దున్నుంచీ విరేచనాలు. నేను హీరోలా మెడికల్ షాపుకి పరిగెత్తి ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చా. పొడి మొత్తం ఒక గ్లాసు నీళ్లలో వేసి గిరగిరా తిప్పా. చెంచా నోటి దాకా వెళ్లేలోపే మా వీధి ఆశా వర్కర్ వచ్చింది.

"ఎన్ని నీళ్లు పోశావు తమ్ముడూ?"

"ఒక గ్లాసు అక్కా."

"ప్యాకెట్ మీద చదివావా?"

చదవలేదు. 'ఒక లీటరు నీటిలో కలపాలి' అని ఉంది. ఆవిడ నన్నేమీ అనలేదు. గ్లాసులోది లీటరు సీసాలోకి వంచి, కాచి చల్లార్చిన నీళ్లు నిండా పోసి కలిపింది.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేశా. లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. గ్లూకోజ్‌ని దాని అణుభారం 180తో భాగిస్తే 75 మిల్లీమోల్స్. ఉప్పు, సిట్రేట్ కలిసి ఇచ్చే సోడియం కూడా దాదాపు 75!

ఇది కాకతాళీయం కాదు. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే ద్వారం ఉంటుంది. వాటి వెంటే నీళ్లూ వెళ్తాయి. విరేచనాలప్పుడు కూడా ఆ ద్వారం పనిచేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లతోనే ఎందరో కలరా రోగుల్ని కాపాడారు.

మరి నా గ్లాసు? 200 మిల్లీలీటర్లే. అంటే గాఢత అయిదు రెట్లు! సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్‌లో కరిగిన కణాల గాఢత లీటరుకి 245 మిల్లీమోల్స్. మన రక్తంలో సుమారు 290. నా గ్లాసులో 1225! నీళ్లు ఎప్పుడూ చిక్కటి వైపే పోతాయి కదా. పేగులోంచి ఒంట్లోకి రావాల్సినవి ఒంట్లోంచి పేగులోకి పోతాయి. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. రక్తంలో సోడియం పెరిగితే పసివాళ్లకు ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని నీళ్లు మరీ ఎక్కువ పోస్తే మందు పలచబడి సరిగ్గా పనిచేయదు.

అందుకే ఫ్రెండ్స్, ముందు ప్యాకెట్ చదవండి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి. నీళ్లు కంటిచూపుతో కాదు, కొలిచి పోయండి. పైన చక్కెర వేయొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా అల్లుడు ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. నేను మాత్రం ఏ ప్యాకెట్ కత్తిరించినా ముందు ఆ అక్క ప్రశ్నే గుర్తొస్తోంది.